టోలిచౌకి, షేక్‌పేట ప్రభుత్వ రికార్డులు

గోల్కొండ కోటకు, జూబ్లీహిల్స్ గుట్టలకు నడుమ ఉన్న టోలిచౌకి, షేక్‌పేట, ఫిల్మ్‌నగర్ ప్రాంతం గురించి ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్న భూమి, ఆస్తి, జనన మరణ, వివాహ, వక్ఫ్, న్యాయస్థాన పత్రాలే ఈ వ్యాసానికి విషయం. ఇవన్నీ ఒక్క కచేరీలో దొరికేవి కావు. కొన్ని తహసీల్దారు దగ్గర, కొన్ని సబ్ రిజిస్ట్రార్ దగ్గర, కొన్ని జీహెచ్‌ఎంసీలో ఉంటాయి. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో మరికొన్ని, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఇంకొన్ని. అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు కౌంటీ ఆఫీసు తెలుసు. అక్కడ చాలా రాష్ట్రాల్లో అమ్మినవారి పేరు మీద ఒక సూచిక, కొన్నవారి పేరు మీద మరో సూచిక ఒకే చోట ఉంటాయి. ఎవరైనా వెళ్లి వెతుక్కోవచ్చు. హైదరాబాద్ జిల్లాలో అలాంటి ఒక్క కిటికీ లేదు. ఒక ఇంటి చరిత్ర తెలియాలంటే నాలుగైదు కార్యాలయాలు, మూడు లిపులు, రెండు క్యాలెండర్లు దాటాలి. కష్టమే కానీ అసాధ్యం కాదు. ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుందో, అది దేనికి రుజువో, దేనికి కాదో తెలిస్తే సగం పని అయినట్టే.

పేరు, పరిధి

ఉర్దూలో టోలీ అంటే దండు, చౌకీ అంటే కాపలా ఠాణా. పేరు పాతదే, జనం నోట్లో బాగా నలిగినదే. అయినా రెవెన్యూ లెక్కల్లో టోలిచౌకి ఒక గ్రామం కాదు. చాలామంది అన్వేషణ ఇక్కడే దారి తప్పుతుంది. ఇక్కడి భూమి లెక్క ఎక్కువగా షేక్‌పేట, హకీంపేట గ్రామాల పేర్ల మీద ఉంటుంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ భూములదీ అదే కథ. కొండ మీది బంగళా, కింద పారామౌంట్ కాలనీలోని మూడంతస్తుల ఇల్లు పాత కాగితాల్లో ఒకే గ్రామం పేరు కింద కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పై అధికారం పేరు కూడా మారుతూ వచ్చింది. నిజాం కాలంలో నగరం చుట్టుపక్కల నేలను అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. అది నిజాం సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ జిల్లా. పోలీసు చర్య తరువాత హైదరాబాద్ జిల్లా ఏర్పడింది. 1978 ఆగస్టు 15న దాన్ని విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అందుకే షేక్‌పేట భూమి మీద ఒక కాగితంలో హైదరాబాద్ వెస్ట్ తాలూకా అని, మరో దానిలో గోల్కొండ మండలం అని, ఇప్పటి దానిలో షేక్‌పేట మండలం అని ఉంటుంది. మూడూ ఒకే నేల. నేడు హైదరాబాద్ జిల్లాలో 16 మండలాలు ఉన్నాయి. వాటిలో షేక్‌పేట, గోల్కొండ రెండూ ఈ ప్రాంతానికి కావలసినవే.

ఒక ఇంటికి నాలుగు నంబర్లు

రికార్డుల వెతుకులాట పేరుతో కాక నంబరుతో మొదలవుతుంది. ఇక్కడి ఒక్కో ఇంటికి కనీసం నాలుగు నంబర్లు ఉంటాయి.

మొదటిది మున్సిపల్ ఇంటి నంబరు. టోలిచౌకిలో చాలా ఇళ్లకు ఇది 8-1తో గానీ, 9-4తో గానీ మొదలవుతుంది. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, ఆ తరువాతది ఇల్లు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చిరునామాలు చూడండి: వేలాది ఇళ్లు 8-2-293/82 అనే మొదలవుతాయి. ఒక్క నంబరుకు గీత మీద గీత పెట్టుకుంటూ కొండంతా పంచేశారు. 82 తరువాత వచ్చే అక్షరం, ఆ తరువాత వచ్చే ప్లాటు నంబరు తప్పు పడ్డాయంటే మీరు వేరొకరి ఇల్లు వెతుకుతున్నట్టే.

రెండోది ప్లాటు నంబరు. ఇది కాలనీ లేఅవుట్‌ది, లేదా హౌసింగ్ సొసైటీది. మూడోది సర్వే నంబరు, అంటే గ్రామ నక్షలో ఆ నేలకు ఉన్న సంఖ్య. జూబ్లీహిల్స్ కోఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీ భూములు షేక్‌పేటలో పాత సర్వే నంబరు 403, కొత్త నంబరు 120 కిందికి, హకీంపేటలో 102/1 కిందికి వస్తాయి. హైకోర్టు తీర్పుల్లో ఈ నంబర్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టడం కష్టం. నాలుగోది టౌన్ సర్వే నంబరు. నగరాన్ని వార్డులు, బ్లాకులుగా విడదీసి కొలిచినప్పుడు ఇచ్చినది ఇది.

సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇంటి నంబరు, ప్లాటు నంబరు పలుకుతాయి. తహసీల్దారు దగ్గర సర్వే నంబరు, టౌన్ సర్వే నంబరే పలుకుతాయి. జీహెచ్‌ఎంసీకి ఇంటి నంబరు, దానితోపాటు ఆస్తి పన్ను కోసం ఇచ్చిన పది అంకెల పీటీఐఎన్ చాలు. ఈ నంబర్లు ఒకదానికొకటి ఎలా సరిపోతాయో చెప్పే పట్టిక ఏ కార్యాలయమూ జనం చేతికి ఇవ్వదు. దస్తావేజు చివర ఉండే షెడ్యూలులో, అంటే నాలుగు హద్దులు రాసే చోట, ఒకటి రెండు నంబర్లు పక్కపక్కన దొరుకుతాయి. అక్కడి నుంచే తీగ లాగాలి. నాలుగు హద్దులు చదవడమే ఈ విద్యలో మొదటి పాఠమని నా అభిప్రాయం. నంబరు మారవచ్చు, యజమాని మారవచ్చు, తూర్పున రోడ్డు, పడమర పొరుగింటి ప్లాటు మాత్రం ఒక కాగితం నుంచి మరో కాగితానికి వస్తూనే ఉంటాయి.

నిజాం కాలపు కాగితాలు

ఇక్కడి భూమికి మూలం వెతికితే ఏదో ఒక చోట ఉర్దూ, పార్శీ తగలక తప్పదు. సర్వే, సెటిల్‌మెంటు పూర్తయ్యాక గ్రామంలోని సర్వే నంబర్లన్నీ విస్తీర్ణంతో సహా రాసిన మూల పట్టిక సేత్వార్. కొలతల చిత్తు టీపన్. ఊరి మొత్తం పటం గ్రామ నక్ష. ఏటా సాగు, అనుభవం రాసేది పహాణీ. వీటిలో 1954-55 నాటి ఖాస్రా పహాణీకి తెలంగాణ కోర్టుల్లో ప్రత్యేక గౌరవం ఉంది. జాగీర్లు పోయాక ఏ భూమి ఎవరి పట్టాలో, ఎవరి అనుభవంలో ఉందో ఊరూరా రాసిన తొలి సమగ్ర లెక్క అది. ప్లాటు కొనేముందు వకీళ్లు ఖాస్రా నుంచి ఇప్పటిదాకా పహాణీలు తెమ్మని అడగడానికి కారణం ఇదే.

ఈ కాగితాల మీద తేదీలు ఫస్లీలో ఉంటాయి. నిజాం రాజ్యపు ఫస్లీ ఏడాది అక్టోబరు తొలి వారంలో ఆజర్ నెలతో మొదలయ్యేది. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం ఏడాది వస్తుంది. హైదరాబాద్ భూమి శిస్తు చట్టం 1317 ఫస్లీ నాటిది, అంటే 1907-08. జాగీర్ల రద్దు నిబంధన 1358 ఫస్లీది. దానికి 590 కలిపితే 1948 వస్తుంది, కానీ ఆ నిబంధన వచ్చింది 1949 ఆగస్టు 15న. ఆ ఫస్లీ ఏడాది 1949 అక్టోబరు దాకా నడిచింది కాబట్టి లెక్క సరిపోతుంది. జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలన్న మాట. ఇంత చిన్న లెక్క తెలియక ఒక ఏడాది అటో ఇటో దరఖాస్తు పెట్టి, రికార్డు లభ్యం కాలేదని జవాబు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు.

జాగీరు, ఇనాము, మక్తా భూములైతే మున్తఖబ్ కావాలి. ఎవరికి ఏ హక్కు ఉందో, వారసులు ఎవరో విచారించి ఇచ్చిన ఉత్తర్వు అది. ఈ విచారణలకు 1952లో అతియాత్ విచారణల చట్టం వచ్చింది. సొమ్ములు చాలాచోట్ల మామూలు అంకెల్లో కాక రఖం అనే గొలుసుకట్టు గుర్తుల్లో ఉంటాయి. ఉర్దూ ధారాళంగా చదివేవారికి కూడా రఖం రాకపోవచ్చు. దాన్ని చదవగలిగినవారు ఏటా తగ్గిపోతున్నారు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం. కాగితం ఉండి చదివేవారు లేకపోతే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ఈ సంపదకు పెద్ద దిక్కు. బహమనీ కాలపు ఫర్మానా మొదలుకొని షాజహాన్, ఔరంగజేబుల కాలపు మొగలు పత్రాలు, ఆసఫ్‌జాహీ దివానీ, మాల్ దఫ్తరాలు అక్కడ ఉన్నాయి. అక్కడి పత్రాల్లో అత్యధిక భాగం పార్శీ, ఉర్దూలవే. అది పరిశోధకుల కోసమేనన్న అభిప్రాయం జనంలో ఉంది. అది సరికాదు. పాత ఫర్మానాలు, జాగీరు పత్రాల ధ్రువీకరించిన నకళ్ల కోసం మామూలు కుటుంబాలు, వకీళ్లు కూడా అక్కడికి వెళ్తుంటారు. 1908 మూసీ వరద తరువాత, 1910ల్లో లియోనార్డ్ మున్ పర్యవేక్షణలో తయారైన నగర మున్సిపల్ పటాలు కూడా హైదరాబాద్ చరిత్ర వెతికేవారికి పెద్ద ఆధారం. ఇంటింటి గోడ, బావి, గల్లీ గీసిన పటాలవి.

రిజిస్ట్రేషన్ పుస్తకాలు

జనానికి నిజంగా అందుబాటులో ఉన్న రికార్డు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అక్కడ నాలుగు రకాల పుస్తకాలు ఉంటాయి, ఐదోది జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలోకి వెళ్తాయి. రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే కారణాలు 2వ పుస్తకంలో రాస్తారు. వీలునామాలకు 3వది, ఇతర పత్రాలకు 4వది. సీలు వేసి భద్రపరచమని ఇచ్చిన వీలునామాల వివరాలు 5వ దానిలో ఉంటాయి.

ఈ చట్టంలోని 57వ సెక్షన్ ప్రతి పౌరుడూ తెలుసుకోవలసినది. 1వ, 2వ పుస్తకాలను, 1వ పుస్తకపు సూచికను ఫీజు కట్టిన ఎవరికైనా చూపించాలి, నకలు ఇవ్వాలి. ఆస్తి మీదా కాదా, ఎందుకు కావాలి అన్న ప్రశ్నలకు అక్కడ తావు లేదు. వీలునామా సంగతి వేరు. రాసిన మనిషి బతికి ఉండగా ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. ఆయన పోయాక అడిగినవారికి ఇస్తారు. అమ్మకం నలుగురికీ తెలియాలి, చివరి కోరిక మాత్రం గుట్టుగా ఉండాలి అన్న విచక్షణ ఆ చట్టంలో ఉంది. శతాబ్దం దాటినా అది ఇంకా బాగానే నిలబడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ కార్డ్ అనే పేరుతో 1998 నవంబరు 4న మొదలైంది. 1983 జనవరి 1 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు, ఆన్‌లైన్‌లో గానీ, మీసేవలో గానీ దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే ఆఫీసుకు వెళ్లి పాత సూచికలు తిరగేయించాలి. టోలిచౌకి ప్రాంతానికి గోల్కొండ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముఖ్యం. కానీ ఆఫీసుల పరిధులు కాలక్రమంలో విడిపోయాయి. పాత దస్తావేజు మీది ముద్ర ఏ ఆఫీసుదో ముందు చూసుకోవాలి, ఆ తరువాతే నంబరు, సంవత్సరం.

ఒక ఈసీ తీసుకుని దగ్గరగా చూద్దాం. ఎడమ పక్క వరుస సంఖ్య, దాని పక్కన ఆస్తి వివరం. ఊరు, కాలనీ, వార్డు-బ్లాకు, ఇల్లు, ప్లాటు, సర్వే నంబరు, గజాల్లో విస్తీర్ణం, కింద నాలుగు హద్దులు ఉంటాయి. ఆ పక్క గడిలో మూడు తేదీలు: రిజిస్టరైన తేదీ, రాసుకున్న తేదీ, ఆఫీసులో దాఖలు చేసిన తేదీ. తరువాత పత్రం స్వభావం, మార్కెట్ విలువ, ప్రతిఫలం. తరువాతి గడిలో పేర్ల ముందు ఈఎక్స్, సీఎల్ అని ఉంటుంది. ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. చివర సంపుటం, పుట, దస్తావేజు నంబరు. ఈ నంబరు పట్టుకుని ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టాలి, అందరూ సీసీ అనేది దాన్నే. ఈసీ సూచిక మాత్రమే, అసలు సంగతి సీసీలో ఉంటుంది. ఈసీ చూసి బయానా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, సీసీ చదివి ఇచ్చేవాళ్లు తక్కువ.

టోలిచౌకి పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. షేక్‌పేట కూడా అంతే. కంప్యూటరు మాత్రం అక్షరం పట్టుకుని వెతుకుతుంది. ఒకసారి ఏమీ రాలేదంటే ఏమీ లేదని కాదు. గ్రామం పేరు మార్చి, ప్లాటు నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో మరోసారి, చివరికి తెలిసిన దస్తావేజు నంబరుతో వెతకాలి. నిల్ ఈసీ అంటే ఆ వివరాలతో ఏ నమోదూ దొరకలేదనే అర్థం.

ఈసీలో కనబడనివి కూడా ఉన్నాయి. నోటరీ కాగితాలు అందులో ఎక్కవు. కోర్టులో నడుస్తున్న దావా చాలాసార్లు ఎక్కదు. ముస్లిం కుటుంబాల్లో నోటిమాటగా ఇచ్చే హిబా, అంటే దానం, ఎక్కదు. ప్రకటన, స్వీకారం, స్వాధీనం జరిగితే అది చెల్లుతుందని, రాతలో ఉన్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. తాత ఇచ్చిన హిబా గురించి పొరుగువారికి తెలుస్తుంది, ఆఫీసుకు తెలియదు. కాబట్టి టోలిచౌకిలో ఆస్తి విచారణ చేసేవారు గల్లీలో నలుగురినీ అడగడం కూడా రికార్డు వెతకడంలో భాగమే. బ్యాంకు తాకట్ల కోసం 2011లో మొదలైన కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో వేరుగా చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ప్రభుత్వం, వక్ఫ్, దేవాదాయ భూముల నిషేధిత జాబితా ఉంటుంది. దాన్ని కూడా సర్వే నంబరుతో సరిచూసుకోవాలి.

నోటరీ ఆస్తుల సంగతి ఇక్కడ పెద్దది. పేద, మధ్యతరగతి కుటుంబాలు చిన్న చిన్న జాగాలు నోటరీ మీద కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాయి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామాలతో చేసే అమ్మకం హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో తేల్చి చెప్పింది. పట్టణ ప్రాంతాల్లోని నోటరీ ఆస్తుల క్రమబద్ధీకరణకు తెలంగాణ ప్రభుత్వం 2023 జులైలో జీవో 84 ఇచ్చింది. ప్రభుత్వ భూముల్లోని ఇళ్ల కోసం 2014 డిసెంబరులో 58, 59 జీవోలు వచ్చాయి. మూడింటిలోనూ పాత కరెంటు బిల్లు, పన్ను రశీదు లాంటివి ఇంటి మనుషులకు అక్కరకొచ్చాయి. ఆస్తి పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు, నిజమే. ఎప్పటి నుంచి ఉంటున్నారో చెప్పడానికి ఆ రశీదుకు మించిన సాక్షి మాత్రం తక్కువ.

టౌన్ సర్వే

నగరంలో నేల కొలతకు ఆధారం టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టరు. అందరూ టీఎస్‌ఎల్‌ఆర్ అంటారు. దీని నకలు, పటం కోసం తహసీల్దారును, సర్వే శాఖను అడగాలి. కొలిచిన రోజున నేల మీద ఉన్న పరిస్థితిని రాసిన పుస్తకమిది. పాత సర్వే నంబరుకు, కొత్త టౌన్ సర్వే నంబరుకు పొంతన చూపేది ఎక్కువగా ఇదే కాబట్టి విలువ చాలా ఉంది. అందులోని 20వ గడి మీద హైకోర్టులో ఎన్నో వ్యాజ్యాలు నడిచాయి. కొన్ని చోట్ల సర్కారీ అని, కొన్ని చోట్ల జి-అబాదీ అని రాసి వదిలేశారు. ఆ ఒక్క మాటతో తరాలుగా ఉంటున్నవారికి ఇబ్బందులు వచ్చాయి. రెవెన్యూ పుస్తకంలో రాత ఒక్కటే హక్కు ఇవ్వదు, హక్కు తీసేయదు అని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

ధరణి 2020 అక్టోబరు 29న వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. రెండూ ప్రధానంగా సాగు భూములవి. టోలిచౌకి ప్లాటు కోసం వాటిలో వెతకడం వృథా శ్రమ. ఒక్క రికార్డుతోనే హక్కు ఖరారయ్యే టారెన్స్ పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టింది. ఆంధ్రప్రదేశ్ ఆ దిశగా భూ హక్కుల చట్టం తెచ్చి, 2024లో రద్దు చేసింది. కనుక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ హక్కు అంటే కాగితాల గొలుసే. దాన్నే లింక్ డాక్యుమెంట్లు అంటాం.

వక్ఫ్ రికార్డులు, మణికొండ వ్యాజ్యం

రికార్డు ఎంత బరువైనదో చూపే ఉదాహరణ టోలిచౌకికి పక్కనే ఉంది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన మణికొండ జాగీరు భూమి 1654 ఎకరాల 32 గుంటలు. ఒక ఎకరానికి 4840 గజాలని గుర్తుంచుకుంటే, ఈ నేల విలువ ఎవరైనా ఊహించవచ్చు. ఇందులో కొంత ప్రభుత్వం సంస్థలకు ఇచ్చింది. ఎత్తైన భవనాలు లేచాయి. దర్గా వక్ఫ్ వివరాలు 1989 ఫిబ్రవరి 9 నాటి గెజిట్‌లో వచ్చాయి. 2006లో దానికి సవరణ అంటూ మరో గెజిట్ ప్రకటన వెలువడింది, మొత్తం 1654 ఎకరాల 32 గుంటలూ వక్ఫ్ అని. వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది. మున్తఖబ్‌లు, అతియాత్ పత్రాలు, జాగీరు రద్దు నిబంధనలు న్యాయస్థానం ముందు పరిచారు. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు 2006 ప్రకటనను కొట్టేసింది. ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదని చెప్పింది. తీర్పు ఎవరికి అనుకూలమన్నది అటుంచితే, 70 ఏళ్ల కిందటి ఉర్దూ ఉత్తర్వులు 21వ శతాబ్దంలో వేల కోట్ల ఆస్తి ఎవరిదో తేల్చాయి.

ఇంత విలువైన రికార్డులున్న వక్ఫ్ బోర్డు రికార్డుల గదికి 2017 నవంబరులో ప్రభుత్వం సీలు వేసింది. కాగితాలు మాయం కాకుండా కాపాడడానికని అప్పట్లో చెప్పారు. కానీ గది మూసి ఉన్నంత కాలం తమ మసీదు, తమ ఖబ్రస్తాను భూమి కాగితం కావలసినవారు ఇబ్బంది పడ్డారు. రికార్డును కాపాడాలి, తలుపూ తెరిచి ఉండాలి. రెండింటిలో ఒకటి చాలనుకోవడం తప్పు. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత ఆస్తుల వివరాలను కేంద్ర పోర్టల్ ఉమీద్‌లో ఎక్కించే పని మొదలైంది. వక్ఫ్ గెజిట్ ప్రతిని ఎవరైనా అడగవచ్చు. ప్లాటు కొనేముందు సర్వే నంబరును ఆ జాబితాతో పోల్చి చూడడం ఈ ప్రాంతంలో తప్పనిసరి జాగ్రత్త.

పుట్టుక, చావు, నిఖా

జనన మరణాల నమోదుకు 1969 చట్టం ఆధారం. 21 రోజుల్లో నమోదు చేయాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. హైదరాబాద్‌లో ఆ పని ఆర్డీవో దగ్గర జరుగుతుంది. పాత పుట్టుక రిజిస్టరులో దొరకకపోతే జీహెచ్‌ఎంసీ ముందు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్టు ఇస్తుంది, దానితో ఆర్డీవోకు దరఖాస్తు పెట్టాలి. బిడ్డ పేరు లేకుండా నమోదైతే 15 ఏళ్లలోపు చేర్పించుకోవచ్చు. ఈ చట్టంలోని 17వ సెక్షన్ కూడా గమనించదగ్గది. ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టరు వెతికించవచ్చు. కానీ ఇచ్చే మరణ పత్రంలో చావుకు కారణం రాయకూడదు. 2023లో ఆధారాలు లేకుండా జారీ అయిన వేల సర్టిఫికెట్లను జీహెచ్‌ఎంసీ రద్దు చేసింది. అందుకే చేతిలో ఉన్న పత్రం ఆన్‌లైన్‌లో కూడా కనబడుతోందో లేదో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి, పాస్‌పోర్టు వంటి పనులకు జనన పత్రమే పుట్టిన తేదీకి, స్థలానికి ప్రధాన రుజువు.

టోలిచౌకిలో ఈ పత్రాలకు గిరాకీ ఎక్కువ. ఇక్కడి చాలా కుటుంబాల్లో గల్ఫ్‌లో పనిచేసేవారు ఉన్నారు. చాలా ఏళ్లు పాస్‌పోర్టు సేవా కేంద్రం టోలిచౌకిలోనే నడిచింది, చుట్టూ ఫొటోలు తీసే, ఫారాలు నింపే దుకాణాలు వెలిశాయి. నిఖా రికార్డు మూలం ఖాజీ దగ్గరి సియాహాలో, అంటే పెళ్లి వివరాలు రాసే పత్రంలో ఉంటుంది. దాని ఆధారంగా వక్ఫ్ బోర్డులోని ఖజాత్ విభాగం వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. భార్యకు వీసా కావాలంటే ఇదే కావాలి. ఆ తరువాత రాష్ట్ర సచివాలయం, విదేశాంగ శాఖ ముద్రలు పడాలి. ఎంబసీ ముద్ర లేకుండానే ఒక దేశపు పత్రాన్ని మరో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది. ఒమన్, బహ్రెయిన్ ఉన్నాయి, సౌదీ 2022లో చేరింది. యూఏఈ, కువైట్, ఖతర్ చేరలేదు, వాటికి ఎంబసీ ముద్ర కూడా తప్పదు. ఇక సియాహాలో రాసిన పేరు, పాస్‌పోర్టులోని పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా పని ఆగిపోతుంది. పెళ్లి రోజున ఖాజీ రాస్తుండగానే పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

చెరువు, సినిమా

2020 అక్టోబరు వానలకు షా హాతిం తలాబ్ పొంగి నదీం కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఏ చెరువుకైనా పూర్తి నీటిమట్టం గీత, బఫరు హద్దు చూపే పటాలు హెచ్‌ఎండీఏ దగ్గర ఉంటాయి. గ్రామ నక్షలో చెరువు, శిఖం (చెరువు గర్భంలోని భూమి) వేరుగా గుర్తించి ఉంటాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఈ పటాలను అడిగేవారు పెరిగారు. ఇల్లు కొన్నాక కంటే కొనకముందు అడగడం మేలు.

ఫిల్మ్‌నగర్‌కు సంబంధించి ఒక్క మాట. సినిమా టైటిల్ రిజిస్ట్రేషన్ ఫిల్మ్ ఛాంబర్ వంటి సంఘాల పని, అది ప్రభుత్వ రికార్డు కాదు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సార్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్టు ప్రభుత్వ పత్రం. స్టూడియోలకు, సినీ కార్మికుల ఇళ్లకు ఇచ్చిన భూముల జీవోలు, రెవెన్యూ ఉత్తర్వులు కూడా అంతే, వాటి నకళ్లు అడిగి తీసుకోవచ్చు.

అడిగే పద్ధతి

కోర్టులో చెల్లేది ధ్రువీకరించిన నకలు, జిరాక్సు కాదు. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా ఈ సూత్రం మారలేదు. సరైన కస్టడీ నుంచి వచ్చిన 30 ఏళ్ల పాత దస్తావేజుకు రెండు చట్టాలూ ప్రత్యేక విలువ ఇచ్చాయి.

నకలు నేరుగా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రాష్ట్ర రుసుముల నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆపై 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తులో “నా భూమి వివరాలన్నీ ఇవ్వండి” అని రాస్తే జవాబు రాదు. “షేక్‌పేట గ్రామం, ఫలానా సర్వే నంబరు, 1954-55 ఖాస్రా పహాణీ ధ్రువీకృత నకలు” అని ఒక్క కాగితం అడగండి. ఇంకో కాగితానికి ఇంకో దరఖాస్తు. రికార్డు లేదంటే, లేదని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు కూడా రికార్డే, రేపు కోర్టులో పనికొస్తుంది.

ఇంట్లో ఉన్న పాత ఉర్దూ కాగితాలను దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి సిరా పాడవుతుంది, కాగితం ప్లాస్టిక్కుకు అతుక్కుపోతుంది, తరువాత ఆర్కైవ్స్ నిపుణులకు కూడా విడదీయడం చాలా కష్టం. మడతలు విప్పి, చెమ్మ తగలని చోట బల్లపరుపుగా పెట్టండి. రెండు వైపులా ఫొటో తీయండి, వెనకవైపు ముద్రలు మరచిపోకండి. ఉర్దూ, రఖం చదవగలిగిన పెద్దలు మీ ఇంట్లోనో, మీ మొహల్లాలోనో ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి చదివించుకుని, ఆ అర్థం తెలుగులో రాసి పెట్టుకోండి.